పదకొండు రోజుల అప్‌టైమ్

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు నేను కోయంబత్తూరు పీళమేడులో రాజా గారి స్పిన్నింగ్ మిల్లు ఆఫీసు మెట్లెక్కేసరికే కేసు తేలిపోయిందన్నారు. తేల్చింది శ్రీమతి, అది ఆమె పేరే.

శ్రీమతి ఏడేళ్ళు నా దగ్గర పనిచేసింది. మదురైలో నా డిటెక్టివ్ ఆఫీసులో ఫైళ్ళ దుమ్ము దులపడం దగ్గర్నుంచి హార్డ్ డిస్క్ కాపీ తీయడం దాకా నేర్పింది నేనే. ఏరు దాటాక తెప్ప తగలేసింది. ఇప్పుడు ఆమెకు కోయంబత్తూరులో అద్దాల ఆఫీసు, కింద పనిచేసేవాళ్ళు పద్నాలుగు మంది, సైబర్ నేరం ఏది జరిగినా టీవీ వాళ్ళు మైకు పెట్టేంత పేరు. నాకు మదురైలో అదే పాత ఆఫీసు, అదే కిర్రుమనే ఫ్యాను. ఆమె పేరు వింటే నాకు కడుపుమంట. ఈ ముక్క ముందే ఒప్పుకోవడం మంచిది. ఆ రోజు నేను చేసిన మంచి పనికీ, చెడ్డ పనికీ రెండింటికీ అదే కారణం.

నన్ను పిలిపించినవాడు యేసుదాస్. ఆ మిల్లులో ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఎలక్ట్రీషియను. అతని కూతురు తేన్మొళి అదే ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. నాలుగింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ పిల్లను తీసుకుపోతాడు. ఆ లోపల ఆమె తప్పు చేయలేదని నేను చూపించాలి. నా చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు.

జరిగింది ఇదీ. మిల్లుకు ఒక సర్వర్ ఉంది. ఏ పత్తిని ఏ పత్తితో ఏ పాళ్ళలో కలిపితే ఏ నూలు దిగుతుందో ఇరవయ్యేళ్ళ మిక్సింగ్ పట్టికలన్నీ దాంట్లోనే. లాక్‌డౌన్ తర్వాత ఆన్ చేసిన ఆ పెట్టె పదిహేను వందల మూడు రోజులు ఒక్క క్షణం ఆగలేదు. ఇలా ఆగకుండా నడిచిన కాలాన్నే అప్‌టైమ్ అంటారు. మిల్లు యజమాని శ్రీనివాసరాజా గారికి ఆ అంకె అంటే పిచ్చి ప్రేమ. రిసెప్షన్లో ఒక టీవీ పెట్టించి అందులో ఆ అంకె ఒక్కటే చూపిస్తాడు. నూలు కొనడానికి ఎవరొచ్చినా ముందు కాఫీ, తర్వాత ఆ అంకె.

బుధవారం ఆయుధపూజ. మిల్లు పన్నెండింటికి ఆగింది. పనిముట్లకు ఆ రోజు సెలవు కాబట్టి ఆఫీసులో తొమ్మిది డెస్క్‌టాప్‌లనూ ఆపారు. సర్వర్‌ను మాత్రం ఆపలేదు, నడుస్తూ ఉండగానే హారతి ఇచ్చారు. రాజా గారి తల్లి కమలమ్మాళ్ ఏటేటా దీనికి గొణుగుతుందట. అన్నిటికీ ఒక్కరోజు పడక ఇచ్చి ఒకదాన్ని మాత్రం నిలబెట్టి పెడితే అది తన పడక తానే చూసుకుంటుందని ఆమె మాట. సాయంత్రం ఐదుంబావుకు ఆ పెద్దావిడే తన చేత్తో డెస్క్‌టాప్‌లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది. ఐదున్నరకు ఆఫీసుకు తాళం పడింది. ఏడూ పన్నెండుకు రిసెప్షన్లో టీవీ మీద అంకె నిలిచిపోయింది. గురువారం పొద్దున పునఃపూజకు తలుపు తీస్తే సర్వర్ లేవలేదు. పట్టికలు పోయాయి. వేరే కాపీ ఉందా అంటే ఉంది, అదే సర్వర్లో పక్క డిస్కులో. ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్న తెలివి అది.

నెట్‌వర్క్ పెట్టెలో దొరికిన ఆనవాలు ఒక్కటే. ఏడు పదికి నాలుగో నంబరు డెస్క్‌టాప్ నుంచి ఎవరో సర్వర్లోకి వెళ్ళారు. ఏడు పన్నెండుకు దాన్ని రీస్టార్ట్ కమ్మని ఆజ్ఞ ఇచ్చారు. నాలుగో నంబరు తేన్మొళిది. పాస్‌వర్డూ ఆమెదే.

హాల్లో శ్రీమతి నాకు కుర్చీ చూపించింది. నిలబడే ఉన్నాను. ఆమె చూపించిన కుర్చీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

బుధవారం రాత్రి ఏడింటికి తేన్మొళి దిండిగల్‌లో, తన అత్త కూతురి నిశ్చయతాంబూలంలో ఉందని, నలభై మంది చూశారని శ్రీమతే చెప్పింది. ఆమె తెలివి అక్కడే ఉంది. ఎదుటివాడు చెప్పబోయే సాక్ష్యాన్ని ముందు తానే ఒప్పేసుకుంటుంది. మనిషి దిండిగల్‌లో ఉంటే ఆజ్ఞ ఇక్కడ్నుంచి ఎలా వెళ్ళింది? డెస్క్‌టాప్‌ను ఆపకుండా వదిలేసి, దిండిగల్ నుంచి ఫోన్లో దాన్ని నడిపింది. లాక్‌డౌన్లో ఇంటి నుంచి పనిచేయడానికి మిల్లే ఇచ్చిన యాప్ ఆమె ఫోన్లో ఇంకా ఉంది.

“పన్నెండున్నరకు ఆపినాను అంటా ఉండాది ఆ అమ్మాయి. వచ్చి చూడండి సార్,” అని శ్రీమతి నాలుగో నంబరు తెర నా వైపు తిప్పింది. టాస్క్ మేనేజరులో ఒక మూల అప్‌టైమ్ అని ఉంది. పదకొండు రోజులు, నాలుగు గంటలు, ఎనిమిది నిమిషాలు.

“మొన్న ఆపిన కంప్యూటరు పదకొండు దినాలుగా నడస్తా ఉండానని యాల చెప్తాది సార్? అది అబద్ధం చెప్పదు. ఆ అమ్మాయి చెప్తా ఉండాది.”

రాజా గారు తలూపాడు. ఆమె ఏం చెప్పినా ఆయన తలూపుతున్నాడు. నేను మదురై నుంచి తెల్లవారుజామున బస్సెక్కి, పళని దగ్గర ఒక గంట ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన సంగతి ఎవరూ అడగలేదు. నా అసూయకు అది కూడా ఒక కట్టె.

ముందు నరేన్‌తో మాట్లాడతానన్నాను. నరేన్ రాజా గారి చెల్లెలి కొడుకు. సర్వర్ అతని చేతి కింద. ఏటా ఆయుధపూజ రోజు ఆ అంకె పేరు చెప్పి మేనమామ అతనికి శాలువా కప్పుతాడు, ఇప్పటికి నాలుగు కప్పాడు. బుధవారం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా రాజా గారి ఇంట్లో పదిమంది మధ్య భోజనం చేశాడు, సందేహం లేదు. తేన్మొళి పాస్‌వర్డు అతనికి తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు, కీబోర్డు అడుగున కాగితం మీద రాసి అతికించుకుంది. ఆఫీసు తాళంచెవి వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడుతుంది, ఎవరైనా తీయవచ్చు. ఇంత తెరిచిపెట్టిన ఇంటికి దొంగ ఒక్కడే అని ఎలా చెప్తారని అడిగితే అతను మొహం ఎర్రగా చేసుకున్నాడు.

తేన్మొళికి తన అంకె మీద కళ్ళు అని నరేన్ అన్నాడు. నెలకొకసారి సర్వర్‌ను ఆపి అప్‌డేట్లు వేయాలని ఆమె ఏడాదిగా వెంటపడింది. అతను ఒప్పుకోలేదు. కిందటి నెల మీటింగులో అందరి ముందు ఆమె ఒక మాట అన్నదట. పదిహేను వందల రోజులు ఆగని సర్వర్ గొప్పది కాదు, ఆపితే లేస్తుందో లేదో ఎవరికీ తెలియని సర్వర్ అని. ఆ మాట నిజమని ఇప్పుడు అందరికీ తెలిసింది. ఆమెను జైలుకు పంపాలని నరేన్ అంత పట్టుగా ఉన్నది ఆ మాట నిజం కాబట్టేనని నాకనిపించింది. అప్పులవాడినైనా క్షమిస్తాం గాని మనకంటే ముందు నిజం చెప్పినవాడిని క్షమించం.

గురువారం పొద్దున నాలుగైదుసార్లు సర్వర్ ఆపి వేశానని, చివరికి డిస్కులు మూలిగి ఊరుకున్నాయని కూడా అతనే చెప్పాడు. అంటే రీస్టార్ట్ చేసినవాడు సర్వర్‌ను పడేశాడు, నరేన్ కంగారు దాన్ని చంపింది. ఇది మేనమామకు తెలియదు.

తేన్మొళిని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఏడవడం లేదు. తలుపు దగ్గర యేసుదాస్ నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి అతను ఏమీ తినలేదని ఆ పిల్ల నాతో మొదట చెప్పిన మాట. నేను ఒక్కటే అడిగాను, నరేన్ మీద నీకు అసూయ ఉందా అని.

“ఉండాది సార్. లేదంటే అబద్ధం,” అంది. “వానికి శాలువా కప్పేటప్పుడంతా నా ఒళ్ళు మండతాది. ఏమీ చెయ్యకుండా ఉండడమే వాని పని. చెయ్యకుండా ఉన్నందుకు శాలువా. ఇంటికి పోయి తిండి దగ్గర రోజూ ఇదే మాట మాట్లాడతాను. ఒక్క మాట టైప్ చేస్తే పడి లేచే పెట్టెను నాలుగేళ్ళు పూజ చేస్తా ఉండారని నవ్వతాను. అయితే సార్, నేను మిషన్ ఆపినాను. పన్నెండున్నరకు నా చేత్తోనే ఆపినాను. లైటు పోయేదాకా చూసినాను.”

అసూయపడే మనిషి అసూయ లేదంటుంది. ఉందని చెప్పినవాళ్ళను నేను నమ్ముతాను, నా కులం కాబట్టి.

రెండూ పదికి హాల్లోకి వచ్చి తొమ్మిది డెస్క్‌టాప్‌ల అప్‌టైమూ వరసగా చూశాను. చూస్తుంటే నాకు పాట పాడాలనిపించింది. ఒకటో నంబరు పదకొండు రోజులు. రెండోదీ పదకొండు. మూడు, ఐదు, ఆరు, అన్నీ పదకొండు రోజులే, నిమిషాల్లోనే తేడా. శ్రీమతి మనుషులు నాలుగో నంబరు తప్ప ఇంకొక తెర తిప్పి చూడలేదు. కావలసిన సమాధానం మొదటి తలుపు దగ్గరే దొరికితే రెండో తలుపు ఎవరు తడతారు? ఆ పాఠం నేను ఆమెకు చెప్పినట్టు లేదు, లేదా చెప్తే వినలేదు.

అందరినీ పిలిచాను. ఏడో నంబరు కంప్యూటరును అందరి ముందు మామూలుగా ఎలా ఆపుతారో అలాగే ఆపించాను. లైటు పోయింది. ప్లగ్ కూడా తీసేయమని యేసుదాస్‌తో చెప్పాను. అతను ముందు గోడమీద స్విచ్ ఆపి, ఒక నిమిషం చూసి, మెల్లగా ప్లగ్ తీశాడు. పావుగంట టీ తాగాం. రాజా గారు ఇది ఏమి ఆట అన్నట్టు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. మళ్ళీ ప్లగ్ పెట్టించి ఆన్ చేయించి టాస్క్ మేనేజరు తెరిచాను. పదకొండు రోజులు, ఐదు గంటలు, ఇరవై రెండు నిమిషాలు.

“శ్రీమతీ,” అన్నాను, ఆ మూడక్షరాలనూ చప్పరిస్తూ, “ఇప్పుడే నీ ముందు ఆపితిమి. ప్లగ్ కూడా పీకితిమి. పదకొండు దినాలుగా నడస్తా ఉండానని ఇది యాల చెప్తా ఉండాది?”

జవాబు కూడా నేనే చెప్పాను. డెస్క్‌టాప్‌ను మామూలుగా ఆపితే అది నిజంగా ఆగదు. త్వరగా లేవడం కోసం తన లోపలి పనిని డిస్కులో దాచుకుని కునుకు తీస్తుంది. లేచాక ఆ కునుకును కూడా మెలకువలోనే కలుపుకుంటుంది. లెక్క సున్నాకు రావాలంటే రీస్టార్ట్ చేయాలి. కిందటి సోమవారం కాదు, దానికి ముందు సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసులో అన్నిటికీ ఒకేసారి అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేశారు. అక్కడ్నుంచి లెక్కపెట్టుకుంటే పదకొండు రోజులే. సర్వర్ అప్‌టైమ్ ఒక చరిత్ర, డెస్క్‌టాప్ అప్‌టైమ్ ఒక పుకారు. పుకారును పట్టుకుని ఒక ఆడపిల్లను జైలుకు పంపబోయారు.

“సరి సార్. అది నా తప్పుదా,” అని ఒప్పుకుంది శ్రీమతి. మొహం మాత్రం మాడలేదు, అదే నాకు నచ్చలేదు. “అయితే ఆ మిషన్ ఆగిందని కూడా ఇది చెప్పదు గదా. ఆగి ఉండనూ వచ్చు, ఉండకపోనూ వచ్చు. ఆజ్ఞ దాంట్లో నుంచేదా పోయింది.”

ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. విండోస్ తన దినచర్య తాను రాసుకుంటుంది. నాలుగో నంబరులో ఆ చిట్టా తెరిచి, బుధవారం వరసలు తెరమీద పెట్టి చదివాను. మధ్యాహ్నం పన్నెండూ ముప్ఫై ఒకటికి ఆగింది. సాయంత్రం ఆరూ యాభై ఎనిమిదికి లేచింది. ఏడూ ముప్ఫై ఒకటికి మళ్ళీ ఆగింది. ఆగిన కంప్యూటరును దిండిగల్ నుంచి ఫోన్లో లేపడం ఈ ఆఫీసులో కుదరదు, ఆ ఏర్పాటే లేదు. ఎవరో తాళం తీసి లోపలికొచ్చి వేలితో బటన్ నొక్కారు. అప్పుడు తేన్మొళి దిండిగల్‌లో నలభై మంది మధ్య ఉంది. ఆ సాక్ష్యం శ్రీమతే ఇచ్చింది.

రాజా గారు కుర్చీలో వెనక్కి వాలాడు. తేన్మొళిని స్టోరు గది నుంచి బయటికి తీసుకురమ్మన్నాడు. గంట మూడూ ఇరవై. ఆ పిల్ల వచ్చి తండ్రి పక్కన నిలబడింది. యేసుదాస్ ఎడమచేత్తో కూతురి మణికట్టు పట్టుకున్నాడు. నా పని అయిపోయింది. అక్కడ నోరు మూసుకుని మదురై బస్సెక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. శ్రీమతి ఇంకా ఓడిపోయినట్టు కనబడలేదు. ఆమె కళ్ళలో ఆ ఓటమి చూడాలని నాకు ఆకలిగా ఉంది. దాంతో నొక్కిన వేలు కూడా చూపిస్తానన్నాను.

కమలమ్మాళ్ ఆయుధపూజ గంధం ఎక్కడబడితే అక్కడ పెట్టదు. సరిగ్గా పవర్ బటన్ మీదే లావుగా పెడుతుంది. బొట్టు పెట్టిన చోట మర్నాడు పునఃపూజ దాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఆమె శాసనం. పెట్టిన బొట్టును తుడవకూడదు కూడా, దానంతట అది రాలిపోవాలి. బుధవారం సాయంత్రం వాన. ఐదుంబావుకు పెట్టిన ముద్ద ఏడింటికి ఇంకా మెత్తగా ఉంటుంది. గురువారం పొద్దున నొక్కిన ఎనిమిది బటన్ల మీద ఎండిన గంధం పెచ్చులుగా పగిలి ఉంది. నాలుగో నంబరు మీద మాత్రం అది పగలలేదు. మెత్తగా ఉన్నప్పుడే నొక్కేసరికి పలచగా పరుచుకుని, వేలి ఆకారంతో అలాగే గట్టిపడింది. మర్నాడు తేన్మొళి నొక్కినా ఎండిన గంధం మీద కొత్త ముద్ర పడదు. పెద్ద బొటనవేలు. గీతలు లేవు, నున్నగా ఉంది. నొక్కినవాడు గ్లౌజు తొడుక్కున్నాడని తేల్చేశాను.

అంతటితోనైనా ఆపానా? ఆ మనిషి మనసు కూడా చదివి చూపిస్తానన్నాను. సర్వర్ ప్లగ్ నాలుగో నంబరు నుంచి ఆరడుగుల దూరంలో గోడకు ఉంది. అంకెను చెడగొట్టాలనుకున్నవాడు ప్లగ్ పీకి పోతే సరిపోయేది, పాస్‌వర్డు ఎందుకు, కంప్యూటరు ఎందుకు? ఇతను ప్లగ్ ముట్టుకోలేదు. పద్ధతిగా రీస్టార్ట్ చేశాడు. ఏడూ పన్నెండుకు పని అయిపోయింది, ఏడూ పదమూడుకు పారిపోవచ్చు. పోలేదు. ఏడూ ముప్ఫై ఒకటి దాకా, పంతొమ్మిది నిమిషాలు అక్కడే ఉన్నాడు. ఎందుకున్నాడు? అది మళ్ళీ లేస్తుందని చూశాడు. చంపాలని రాలేదు. ఒక్కసారి పడి లేస్తే చాలనుకున్నాడు, ఆ అంకె ఒకటి నుంచి మొదలైతే చాలనుకున్నాడు. నరేన్ శాలువా చూసి తేన్మొళికంటే ఎక్కువగా మండిపోయినవాడు. అంత మండినా ప్లగ్ పీకడానికి మాత్రం చెయ్యి రానివాడు. ఈ మిల్లులో ప్లగ్ పీకలేనివాడు ఎవరు...

వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. గంట క్రితం స్విచ్ ఆపి, నిమిషం ఆగి, పసిబిడ్డను పక్క మార్చినట్టు ప్లగ్ తీసినవాడు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను ఆగానే గాని, శ్రీమతి ఆగలేదు. నేను తీసిన దారంట నాకంటే వేగంగా నడవడం ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఆమె వంగి నాలుగో నంబరు బటన్‌ను దగ్గర్నుంచి చూసింది.

“గ్లౌజు కాదు సార్. గ్లౌజయితే దాని నేత పడతాది. ఇది ఒట్టి తోలుదా, గీతలు కాలిపోయిన తోలు. పక్కన వాలుగా ఒక మచ్చ ఉండాది.” ఆమె లేచి నిలబడి ఎవరి వైపూ చూడకుండా అడిగింది. “కరెంటు పోయి సర్వర్ ఆగింది అనే మాట ఈ మిల్లులో ఎవరికి అవమానం?”

యేసుదాస్ కుడిచెయ్యి చొక్కా జేబులో ఉంది. ఆ బొటనవేలిని ఎప్పుడో ఒక ఫ్యూజు పేలి కాల్చేసిందని మిల్లంతటికీ తెలుసు. నాకూ తెలిసే ఉండాలి. మధ్యాహ్నం గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని బిడ్డను కాపాడమన్నప్పుడు ఆ వేలు నా అరచేతిలోనే ఉంది. నా కళ్ళు మాత్రం పోర్టికోలో శ్రీమతి కొత్త కారు మీద ఉన్నాయి.

 తేన్మొళి తండ్రి చెయ్యి విడిపించుకుని రెండడుగుల్లో నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళింది. చున్నీ అంచుతో బటన్‌ను గట్టిగా రుద్దింది. గంధం పొడిగా కింద రాలింది.

“నేనేదా చేసినాను,” అంది రాజా గారితో. “మేడమ్ చెప్పిందే సరి. దిండిగల్ నుంచి ఫోన్లో చేసినాను. నా అసూయ గురించి ఈ సార్‌తో చెప్పినాను గూడా. అడగండి.”

కిటికీ బయట జీపు ఆగిన చప్పుడు వినబడింది. నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. ఇన్‌స్పెక్టరు ముందే వచ్చేశాడు. రాజా గారు నావైపూ శ్రీమతి వైపూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు అర్థమైంది ఒక్కటే, ముద్దాయి తానే ఒప్పుకుంది. నేను నోరు మెదపకపోతే శ్రీమతి మొదట చెప్పిందే నిజమవుతుంది, ఆమె గెలుస్తుంది, తప్పు చేయని పిల్ల జీపెక్కుతుంది. నేను నోరు విప్పితే నేను గెలుస్తాను, నన్ను నమ్మి పిలిపించినవాడు జీపెక్కుతాడు. ఇన్నేళ్ళుగా ఆమె మీద ఒక్క గెలుపు కావాలని కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. అది చేతికొచ్చినప్పుడు పట్టుకోవడానికి వీలు లేకుండా వచ్చింది.

శ్రీమతి నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. “ఫోటో తీసే ఉంటారు సార్. ముందు ఫోటో, తర్వాత చెయ్యి అని నేర్పించింది మీరేదా.”

తీశాను. బటన్ మొదటిసారి చూసినప్పుడే మూడు ఫోటోలు తీశాను. అబద్ధం చెప్పేద్దామా అనుకున్నాను, తీయలేదు అనే ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది.

యేసుదాస్ జేబులోంచి చెయ్యి తీశాడు. కూతురి వైపు చూడలేదు. రాజా గారి వైపు కూడా చూడలేదు. నరేన్ వైపు చూసి మాట్లాడాడు, అతనితోనే ఏదో పాత మాట తేల్చుకోవలసి ఉన్నట్టు.

“మూడునూట్ల పద్దెనిమిది తూర్లు కరెంటు పోయింది తంబి, ఈ నాలుగేండ్లలో. నువ్వు తిండి తింటా ఉన్నప్పుడు పోయింది, నిదర పోతా ఉన్నప్పుడు పోయింది. బ్యాటరీ పన్నెండు నిమిషాలేదా. నేను పరిగెత్తి జనరేటర్ వేస్తిని. నా పెండ్లాం పోయిన దినం గూడా పరిగెత్తి వచ్చి వేసి పోతిని. ఒక్క తూరి ఆగనీలేదు. నీకు శాలువా కప్పేటప్పుడు మొదలాళి, మీ మామ, ఒక్క తూరి నా పేరు చెప్పి ఉంటే చాలు. ప్లగ్ పీకేదానికి నాకు చెయ్యి రాలేదు. కరెంటు పోయి ఆగింది అంటే నా ముప్ఫయ్యొక్క ఏండ్లు పోతాది. పాప ఇంట్లో చెప్పింది విని, ఆ మాట టైప్ చేసినాను. లేస్తాది, లేస్తాది అని నిలబడి ఉంటిని. లేవలేదు.”

“నైనా, ఊరుకో,” అంది తేన్మొళి.

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. యేసుదాస్ నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ఆ వేలు ఇప్పుడు నాకు స్పష్టంగా కనబడుతోంది.

“మిమ్మల్ని పిలిపించింది నేను గదా సార్,” అన్నాడు. “నా బిడ్డను విడిపించేదానికే గదా పిలిపించినాను. ఆ ఫోటో చూపీండి.”

చూపించడానికి నాకు చెయ్యి రాలేదు. ఫోన్ తీసి, తాళం విప్పి, శ్రీమతి చేతిలో పెట్టాను.